ఎఱ్ఱనాచు ఋతుచర్య



నాచు అనగానే మనకు తోచు రంగు పచ్చనిది. చెఱువుమెట్లపై కాలు జాఱించునది, నూతిచేదకు అంటుకొని వచ్చునది, వానకాలమున పెరటిగోడల నలముకొనునది - అన్నియు పచ్చనివే. అమరసింహుడు తన కోశమునందు దీనికి జలనీలి, శైవాలము, శైవలము అను పేళ్లు చెప్పెను. మొదటి పేరులోనే వర్ణము కలదు. బాల్యమున గురువుగారి యెదుట కూర్చుండి ఈ పర్యాయపదములను వల్లించిన నాకు, నాచునందు ఎఱ్ఱనిది గూడ కలదన్న సంగతి చాలకాలము తెలియదు. సముద్రపుటొడ్డు బడికి ఉపాధ్యాయుడనై పోయిన పిదపనే తెలిసినది.

ఆ గ్రామము విశాఖపట్టణమునకు ఉత్తరమున నున్నది. పాటు సమయమున సముద్రము వెనుకకు తీయగా నల్లని రాళ్లు బయటపడును. వానిపై ఎఱుపు, ఊదా, గోధుమ వన్నెల నాచు తివాచి పఱచినట్లుండును. నేను తెలుగు పండితుడను. ఒకనాడు ప్రకృతిశాస్త్రము చెప్పవలసిన ఉపాధ్యాయుడు సెలవులో నుండుటచే ఆ తరగతి నాకప్పగింపబడినది. చెట్ల పెంపకమును గూర్చి పాఠము చదివించుచుండగా వెనుకబల్లనుండి జాలరి బాలుడొకడు లేచి, "మాస్టారండీ, ఎండలు ముదిరితే రాళ్ల మీద ఎర్ర పాచి పోద్ది గదండీ. మళ్లీ ఏడు అదే రాయి మీదకి ఎక్కణ్ణించి వస్తాదండీ?" అని యడిగెను. "ఎండకు చచ్చును, చల్లబడగానే మరల మొలుచును" అంటిని. "చచ్చిందైతే ఎలా మొలుస్తాదండీ? ఇత్తనం ఎక్కడుంటాదండీ?" అని వాడు మరల నడిగెను. నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు మారుగా "కూర్చో" అంటిని. తరగతి నవ్వినది. వాడు కూర్చుండెను, ఆ యేడాది మరియొక ప్రశ్న అడుగలేదు.

ఉద్యోగవిరమణానంతరము తీరిక చిక్కి ఈ విషయమును చదువగా తెలిసినదేమనగా, ఆ బాలుడడిగిన ప్రశ్నయే 1949వ సంవత్సరము వఱకు ప్రపంచములోని నాచుశాస్త్రజ్ఞులనందఱిని వేధించినది. దాని సమాధానము దొరకక జపానుదేశమున వేలకొలది జాలరి కుటుంబములు దైవముపై భారము వేసి బ్రదికినవి. ఆ కథను, ఎఱ్ఱనాచు ఏడాదిపొడుగున నడచు తీరును నేడు మీకు మనవి చేసెదను.

ముందుగా ఎఱ్ఱనాచు అనగానేమో చూతము. నేటివఱకు గుర్తింపబడిన ఎఱ్ఱనాచులు సుమారు 7000 జాతులు. అందు మిక్కిలి భాగము సముద్రవాసులు. వీనికి పువ్వు లేదు, కాయ లేదు, నిజమైన వేరును లేదు. రాతిని పట్టుకొనుటకు అడుగున ఒక పట్టు మాత్రముండును. అది ఆహారమును పీల్చు వేరు కాదు. నీటిలో కరగియున్న లవణములను దేహమంతటితోను గ్రహించును. చెట్టునకు ఆకులో నుండు పత్రహరితము దీనియందును కలదు. కాని దానిని ఫైకోఎరిత్రిన్ అను ఎఱ్ఱని రంజకము మఱుగుపఱచును. సూర్యకాంతి నీటిలోనికి దిగుకొలది మొదట ఎఱుపు హరించిపోవును. నీలము, పచ్చ ఇంకను లోతునకు పోగలవు. లోతున మిగిలిన ఆ కాంతిని పట్టి పత్రహరితమున కందించుటయే ఈ ఎఱ్ఱని రంజకము చేయు పని. ఒడ్డున పడిన ఎఱ్ఱనాచును రెండుమూడు దినములు గమనింపుడు. ఎండకు ముందు ఎఱుపు పోయి పచ్చదనము బయటపడును, పిమ్మట అదియు పోయి తెల్లనగును. పచ్చదనము మొదటినుండియు లోపలనున్నదే గాని క్రొత్తగా వచ్చినది కాదు.

ఇక ఋతువుల మాట. నేలమీది రైతునకు కార్తెలున్నవి. రోహిణి వచ్చిన విత్తనములు సరిచూచుకొనును, మృగశిర వచ్చిన వాన కెదురుచూచును. నీటిలోని నాచునకు కార్తెలేవి? దాని కార్తెలు ఐదు విషయములపై నాధారపడియున్నవి: నీటి వేడిమి, పగటి నిడివి, నీటి ఉప్పదనము, నీటిలోని పోషకలవణములు, పాటువేళ ఎండగాలులకు బయటపడియుండు కాలము. ఈ యైదింటి కలయిక యే తీరమున కాతీరమున వేఱుగా నుండును. కావున ఒకచోట మాఘమాసమున దట్టముగానుండు నాచు మరియొకచోట వానకాలమునందే కనబడును. కొంకణ, గోవా తీరముల రాళ్లపై పోర్ఫైరా అను ఎఱ్ఱనాచు నైరృతి ఋతుపవనముల కాలముననే మొలచును. వానలు వెనుకబడగానే మాయమగును. అదే కుటుంబమునకు చెందిన నాచు జపానులో చలికాలపు పంట.

మన తీరమునే చూతము. వానకాలమున గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చు మంచినీరు బంగాళాఖాతమున కలియుటచే పైనీటి ఉప్పదనము తగ్గును. వానలు వెనుకబట్టిన పిదప తీరప్రవాహము ఉత్తరమునుండి దక్షిణమునకు నడచి ఆ తేటనీటిని మన యొడ్డు వెంబడి క్రిందికి కొనిపోవును. మాఘ ఫాల్గునములు వచ్చుసరికి ప్రవాహము దిశ మార్చుకొని దక్షిణమునుండి ఉత్తరమునకు సాగును. అప్పుడు లోతులోని చల్లని నీరు, దానితో పోషకలవణములు ఒడ్డు ప్రక్కకు పైకెక్కును. మరియొక విశేషము: విశాఖ తీరమున సముద్రమట్టము ఏడాదిపొడుగున ఒక్కతీరుగా నుండదు. మార్చి ఏప్రిల్ నెలలలో కనిష్ఠముగను, అక్టోబరు నవంబరులలో గరిష్ఠముగను ఉండును. అచ్చట పోటుపాటుల మధ్య భేదము రెండు మీటర్లకు లోపలిదే. అంత కొద్ది మేరలో మట్టము కొంచెము తగ్గినను, ఎత్తైన రాళ్లపైనున్న నాచు గంటలకొలది ఎండకు బయటపడును. అట్లు బయటపడు కాలమే మన ఎండలు ముదురు కాలము. ఆ బాలుడు చూచిన పాచి యేల పోవునో ఇప్పుడు తెలిసినది గదా. ఏల వచ్చునో తెలియవలెనన్న మనము జపానునకు పోవలెను.

జపాను వారు నోరి అని పిలుచునది పోర్ఫైరా కుటుంబపు నాచే. శాస్త్రజ్ఞులు 2011లో దానిని పైరోపియా అను వేఱు గణమునందు చేర్చిరి; పేరు మారినను వస్తువదియే. పలుచని ఊదావన్నె పొర. అందు కణముల వరుస ఒక్కటే. దానిని కడిగి, సన్నగా తఱిగి, చాపలపై కాగితమువలె పోసి ఆరబెట్టుదురు. మనవారు తాటిచాపలపై మామిడితాండ్ర పోయుట చూచినవారికి ఆ పని సులభముగా బోధపడును. ఆరిన రేకు సుమారు 21 సెంటీమీటర్ల పొడవు, 19 సెంటీమీటర్ల వెడల్పు నుండును. అన్నమును అందు చుట్టి తిందురు.

టోక్యో సింధుశాఖలో ఎదో కాలమునుండియే, అనగా మూడువందల యేండ్లకు పైగా, ఈ సేద్యము కలదు. శరత్కాలము రాగానే జాలరులు వెదురు కొమ్మలను లోతులేని బురదనేలలో పాతెడివారు. దైవమనుకూలించిన కొమ్మలపై నాచు మొలచెడిది, చలికాలమంతయు కోసికొనెడివారు. వసంతము ముదురగానే అది శిథిలమై మాయమయ్యెడిది. వేసవిలో ఎంత వెదకినను ఒక్క రేకయినను కనబడదు. మరల శరత్తున కొమ్మలు పాతవలసినదే, ఎదురుచూడవలసినదే. విత్తనమెక్కడనున్నదో తెలియదు; ఏ యేడు వచ్చునో, ఏ యేడు రాదో తెలియదు. అందుచే దానికి అదృష్టపు గడ్డి యను పేరు వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము పంట మిక్కిలి చెడినది. విత్తనమెఱుగని వ్యవసాయమునకు చెడిన యేడు మందేమున్నది?

సమాధానము జపానులో గాక ఇంగ్లండులో దొరికినది. అచ్చట మాంచెస్టరు విశ్వవిద్యాలయమున కాథ్లీన్ డ్రూ బేకర్ అను వృక్షశాస్త్రజ్ఞురాలుండెను. ఆమె 1901లో జన్మించినది. 1928లో వివాహము చేసికొనగా, వివాహితలను ఉద్యోగమునందుంచరాదన్న ఆనాటి నియమముచే అధ్యాపకపదవిని కోలుపోయినది. అయినను ప్రయోగశాలను విడువక, జీతము లేని పరిశోధకురాలిగా పని సాగించినది. బ్రిటను తీరమునందును పోర్ఫైరా జాతి కలదు. వేల్సు ప్రాంతపువారు దానిని ఉడికించి తిందురు. ఆ నాచు విడుచు సిద్ధబీజములేమగుచున్నవో చూడవలెనని ఆమె ఆలిచిప్పలున్న నీటిలో వానిని వదలి కనిపెట్టియుండెను. అవి మొలకెత్తి చిప్ప సున్నమును తొలుచుకొని లోనికి పోయి సన్నని తంతువులై అల్లుకొన్నవి. చిప్పపై గులాబివన్నె మచ్చలు తేలినవి.

ఆ మచ్చలు శాస్త్రజ్ఞులకు క్రొత్తవి కావు. 1892లోనే బాటర్స్ అను పండితుడు వానిని చూచి, అదియొక వేఱు నాచు జాతియని తలచి, కాంకోసెలిస్ రోజియా అని నామకరణము చేసెను. అప్పటినుండి 57 సంవత్సరములు ఒకే జీవికి రెండు పేళ్లు, రెండు స్థానములు గ్రంథములందు నిలిచినవి. చలికాలమున రాతిపై ఊగు పొర, వేసవిలో చిప్పలో దాగిన తంతువు - ఈ రెండును ఒక్కటియే యని డ్రూ బేకర్ 1949 అక్టోబరులో నేచర్ పత్రికయందు చిన్న వ్యాసముగా ప్రకటించినది. పర్యాయపదములను భిన్నపదార్థములని భ్రమించుట మా పండితులయందే గాదు, ప్రకృతిశాస్త్రమునందును కలదని అది చదివినపుడు నాకనిపించినది.

ఈ వార్త జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయపు సెగవా సోకిచి అను శాస్త్రజ్ఞునకు చేరెను. తమ దేశపు నోరియును అట్లే చిప్పలలో వేసవి గడుపునని అచ్చటివారు పరీక్షించి చూచిరి. చిప్పలోని తంతువునుండి మరల పొర పుట్టు విధమును గూడ తేల్చి చక్రమును పూర్తిచేసిరి. కుమామోటో ప్రాంతపు మత్స్యపరిశోధనకేంద్రమున ఓటా ఫుసావో అను నతడు 1953 నాటికి చిప్పలలో విత్తనము పెంచి వలల కెక్కించు పద్ధతిని ఆచరణలోనికి తెచ్చెను.

ఇప్పుడు ఆ నాచు యొక్క సంవత్సరమును క్రమముగా చెప్పెదను. వసంతమున పగలు పెరిగి నీరు వెచ్చనగుచుండగా పొర అంచులలో స్త్రీపురుషబీజములు కలిసి సిద్ధబీజములగును. అవి రాలి, అడుగున పడియున్న చిప్పలలోనికి తొలుచుకొని పోవును. వేసవియంతయు తంతువు లోపల మెల్లగా ప్రాకును. చిప్పలోని మసక వెలుతురే దానికి చాలును. ఎండ తగులదు, మేయు జీవులకు చిక్కదు. శరత్తు రాగానే పగటి నిడివి తగ్గును, నీటి వేడిమి సుమారు 23 డిగ్రీలకు దిగును. ఆ రెండు గుర్తులను చూచి తంతువు మరియొక విధమైన సిద్ధబీజములను వెలువరించును. అవి రాతికో వెదురునకో అంటుకొని పొరగా మొలచును. చలిగాలులు సముద్రమును కలియద్రిప్పి అడుగునున్న పోషకలవణములను పైకి తెచ్చు కాలమదియే. పొర ఆ యాహారముతో పెరిగి నెలన్నరలో కోతకు వచ్చును. మరల వసంతము, మరల చిప్ప.

ఇందు గమనింపదగినదేమనగా, ఈ నాచు ఋతువులను ఓర్చుకొనుట లేదు. ఋతువునకు తగిన దేహమును ధరించుచున్నది. చలికి ఒకటి, వేడికి ఒకటి. ఆకును జూచినవారు చచ్చినదనుకొనిరి, చిప్పను జూచినవారు మరియొక ప్రాణియనుకొనిరి.

ఈ యెఱుక కలిగిన పిదప సేద్యము మన వరిసేద్యమును పోలినదైనది. చిప్పల తొట్లు నారుమళ్లు. వేసవిలో తొట్లయందు ఆలిచిప్పలను పేర్చి, విత్తనమునెక్కించి, వెలుతురును వేడిమిని అదుపులో నుంచి కాపాడుదురు. శరత్తున వలలకు ఆ బీజముల నంటించుట నాటువేయుట. ఆరియాకే సముద్రమున పోటుపాటుల భేదము ఆరు మీటర్ల వఱకును ఉండును. అచ్చట గుంజలు పాతి వలలు కట్టుదురు. పాటువేళ వలలు గాలికారును. ఆ యారుదలవలన కలుపునాచులును తెగుళ్లును తగ్గును. నోరి మాత్రము తన నీటిలో మిక్కిలి భాగమును కోలుపోయియు, పోటు రాగానే తేరుకొనును. రమారమి పదిపదునైదు దినముల కొకసారి కోయుచు మార్చి వఱకు పంట తీయుదురు. మొలకలున్న వలలను కొంత ఆరబెట్టి సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో దాచి, మొదటి వలలు చెడిన వానిని దింపుదురు. అదృష్టపు గడ్డి అట్లు రైతు పంటయైనది.

అయినను ఋతువును పూర్తిగా లోబఱచుకొన్నారని తలపవలదు. 2000వ సంవత్సరపు చలికాలమున ఆరియాకే నీటిలో సూక్ష్మములైన డయాటములు విపరీతముగా పెరిగి పోషకలవణములను ముందే తినివేసినవి. నోరి వన్నె తఱిగి పాలిపోయినది, జాలరులు వీధికెక్కిరి. 2022-23 కాలమునందు దేశమంతటి పంట 500 కోట్ల రేకులకు లోపడినది. అర్ధశతాబ్దిగా అంత తక్కువ పంట లేదు. సముద్రము వేడెక్కుటచే శరత్తున నీరు చల్లబడుట ఆలస్యమగుచున్నది. నాటు వెనుకబడుచున్నది, పంటకాలము కుఱుచనగుచున్నది. నాచు తన కార్తెను తప్పదు. మనమే దాని కార్తెను మార్చుచున్నాము.

మన మాటకు వత్తము. విశాఖ తీరపు రాళ్లపై పోర్ఫైరా మొదలగు నాచులు ఏయే ఎత్తున నుండునో ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గార్లు పరిశీలించి 1963, 1964 సంవత్సరములలో ప్రకటించిరి. కాని ఎఱ్ఱనాచులన్నియు చిప్పలలో దాగునవి కావు. గ్రాసిలేరియా, జెలిడియెల్లా మొదలగువానికి వేఱు పద్ధతి. పై కొమ్మలు ఎండకో అలలకో పోయినను రాతిని పట్టిన మొదలు మిగిలి, అనుకూలకాలమున మరల చిగిర్చును. వీనినుండియే అగరు తీయుదురు. వైద్యశాలలలో రోగక్రిములను పెంచి గుర్తించుటకు వాడు గిన్నెలలోని పేరిన పదార్థ మీ అగరే. మన్నారు సింధుశాఖలో జాలరి స్త్రీలు మునిగి ఈ నాచు నేఱి జీవించుచున్నారు.

నాచు ఏఱువారికి ఋతుజ్ఞానమెంత యవసరమో ఇప్పుడు వేఱుగా చెప్పనక్కఱలేదు. మొదలు విడిచి పైకొమ్మను కోసినచో అది మరల పెరుగును. మొదలుతో పెఱికినచో ఆ రాయి బోడియగును. సిద్ధబీజములు విడువకమునుపే తీరమంతయు ఊడ్చినచో వచ్చు ఏటి విత్తనమును నేడే తిన్నట్లు. కోతకు కాలము, విడుపునకు కాలము తెలిసినవారికే సముద్రము పొలమగును. తెలియనివారికి గని వంటిది, త్రవ్వినకొలది తరుగును.

డ్రూ బేకర్ 1957లో పరమపదించినది. ఆమె జపానును ఎన్నడును చూడలేదు. కాని అచ్చటి జాలరులు 1963లో ఆరియాకే సముద్రమునకెదురుగా, ఉటో పట్టణపు సుమియోషి దేవాలయము చెంత, ఆమెకొక స్మారకశిల నెత్తిరి. ఏటేట ఏప్రిల్ 14వ తేదీన అచ్చట చేరి ఆమెను సముద్రమాత యని స్మరింతురు. జీతము లేక పనిచేసిన యొక స్త్రీ ఒక ఆలిచిప్ప నోపికతో చూచినందులకు ఫలము, చూడని దేశమున ఇన్ని ఇండ్లలో అన్నము.

ఆ బాలుడిప్పుడు నడివయస్సువాడై యుండును. ఎక్కడనున్నాడో, ఈ ప్రసంగము వినుచున్నాడో లేదో! వినుచున్నచో నాడు నేను చెప్పవలసిన మాట నేడు చెప్పుచున్నాను. నాయనా, పాచి చావలేదు. కొన్ని రాతిని పట్టిన మొదలుగా అక్కడనే యున్నవి. కొన్ని నీ కాలిక్రింద పడియున్న చిప్పలో దాగినవి. నీవడిగినది మంచి ప్రశ్న. తరగతి నవ్వవలసినది నిన్ను జూచి కాదు.

ఉపాధ్యాయులైన శ్రోతలకు ఒక్క మనవి. వెనుకబల్లనుండి ఎవడైన లేచి మీకు తెలియని సంగతి యడిగినచో, తెలియదని చెప్పి, తెలిసికొని చెప్పెదననుడు. ఆ మాటకు నాకు ముప్పది సంవత్సరములకు పైగా పట్టినది.

సెలవు.